అల్లిక విద్య

తెలుగు భాషలో 'అల్లు' అనే క్రియకు ఉన్నంత విస్తృతి బహు కొద్ది క్రియలకు మాత్రమే ఉంది. తీగ పందిరిని అల్లుకొంటుంది. గిజిగాడు గూడు అల్లుతుంది. మేదరి బుట్ట అల్లుతాడు, జాలరి వల అల్లుతాడు, తల్లి బిడ్డకు జడ అల్లుతుంది. నులకమంచం అల్లడం ఒకనాడు పల్లెలలో ఇంటింటి పని. ఇవేవీ చేతకానివాడు కనీసం కథలైనా అల్లుతాడు. అల్లసాని పెద్దన కవిత్వపు అల్లికలో జిగి, బిగి రెండూ ఉన్నాయని పెద్దలు మెచ్చుకొన్నారు. జిగి అంటే కాంతి. బిగి అంటే సడలని కూర్పు. ఈ రెండు మాటలు కవిత్వానికి ఎంతగా వర్తిస్తాయో, రెండు సూదులతో ఊలు దారాన్ని వస్త్రంగా మార్చే చేతి అల్లికకూ అంతగానే వర్తిస్తాయి.

వస్త్రం అనగానే తెలుగువారి మనస్సులో మెదిలేది మగ్గం. నేతకు పడుగు, పేక అనే రెండు వరుసల దారాలు కావాలి. నిలువు దారాలను బిగించి పట్టి ఉంచడానికి మగ్గం కావాలి. అల్లికకు మగ్గం లేదు, పడుగు పేకలు లేవు. ఉన్నది ఒకే ఒక దారం. ఆ దారాన్ని చిన్న మెలికగా వంచి, ఆ మెలికలో నుండి మరొక మెలికను లాగి, దానిలో నుండి ఇంకొకటి లాగుతూ పోవడమే అల్లిక. ప్రతి మెలికను ఒక 'కుట్టు' అంటారు. ఒక్కొక్క కుట్టు తన క్రింది కుట్టును పట్టుకొని, తన పై కుట్టుకు ఆధారమై నిలుస్తుంది. నేసిన బట్టలో దారాలు తిన్నగా సాగుతాయి. అల్లిన బట్టలో దారం వంపులు తిరుగుతుంది. లాగినప్పుడు ఆ వంపులు విచ్చుకొంటాయి, వదలినప్పుడు మరల ముడుచుకొంటాయి. కాలి మడమను, మోచేతిని, పసిబిడ్డ తలను హత్తుకొని ఉండగల గుణం అల్లిన బట్టకు ఇందువల్లనే వచ్చింది. చివరి దారపు కొస పట్టి లాగితే బట్ట అంతా తిరిగి దారమై పోవడానికి కారణమూ ఇదే.

మానవుడు వేల సంవత్సరాలుగా బట్ట నేస్తున్నాడు. రెండు సూదుల అల్లిక దానితో పోలిస్తే చాలా చిన్న వయస్సుది. ఈజిప్టులో లభించిన నూలు మేజోళ్ళను అల్లికకు తొలి నిదర్శనాలలో చేర్చి చెబుతారు. తెలుపు, నీలం రంగుల దారాలతో అల్లిన ఆ మేజోళ్ళు క్రీస్తుశకం 11, 14 శతాబ్దాల మధ్యకాలానికి చెందినవి. అక్కడ నుండి ఈ విద్య మధ్యధరా తీరాల మీదుగా యూరప్ అంతటా వ్యాపించింది. క్రీ.శ. 1400 ప్రాంతంలో జర్మనీ చిత్రకారుడు మాస్టర్ బెర్ట్రామ్ చిత్రశాలలో రూపొందిన ఒక చిత్రంలో మేరీమాత నాలుగు సూదులతో చొక్కా అల్లుతూ కనిపిస్తుంది. ఆ చొక్కాకు ఎక్కడా అతుకు లేదు. గుండ్రంగా అల్లుకొంటూ పోయే పద్ధతి అప్పటికే తెలుసునని ఆ చిత్రం సాక్ష్యం చెబుతున్నది.

అల్లిక ఆడవారి పని అనే భావన లోకంలో స్థిరపడి ఉంది. చరిత్ర దానిని సమర్థించదు. యూరప్ నగరాలలో మేజోళ్ళు అల్లి జీవించిన వృత్తిసంఘాలలో పురుషులదే ఆధిపత్యం. దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో టిటికాకా సరస్సు నడుమ టకీలే అనే దీవి ఉంది. అక్కడ నేటికీ టోపీలు అల్లేది పురుషులే. బాలురు చిన్నతనంలోనే సూదులు పట్టడం నేర్చుకొంటారు. ఆ దీవి వస్త్రకళను 2005లో యునెస్కో మానవజాతి వారసత్వ సంపదగా ప్రకటించింది. పని ఆడదో మగదో నిర్ణయించేది సూది కాదు, సమాజమే.

16వ శతాబ్దం ముగిసేనాటికి ఈ చేతివిద్యకు యంత్రం పోటీగా వచ్చింది. ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్ ప్రాంతానికి చెందిన విలియం లీ 1589లో మేజోళ్ళు అల్లే యంత్రాన్ని నిర్మించాడు. దానికి ప్రత్యేక హక్కు ఇమ్మని అతడు కోరగా, చేతితో అల్లుకొని బ్రతికే పేదల నోటికాడి కూడు పోతుందని ఎలిజబెత్ రాణి నిరాకరించిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎలా ఉన్నా యంత్రం ఆగలేదు. నేడు మనుషులు తొడిగే బనియన్లు, మేజోళ్ళు, టీషర్టులు దాదాపు అన్నీ యంత్రం అల్లినవే. శీతాకాలం రాగానే మన నగరాల కాలిబాటల మీద టిబెటన్లు పరిచే స్వెట్టర్లలో అధికభాగం లూథియానా వంటి పట్టణాల యంత్రాల మీద నుండి వచ్చినవే.

యంత్రం వచ్చినా చేతి అల్లిక చావలేదు. అది కొన్ని ప్రాంతాల పేరుగా, ప్రతిష్ఠగా మిగిలింది. బ్రిటన్ ఉత్తరాన షెట్లాండ్ దీవులలో స్త్రీలు అల్లిన లేసు శాలువ ఎంత పలుచనిదంటే, వివాహపు ఉంగరంలో నుండి ఆ శాలువను మొత్తంగా లాగవచ్చు. రష్యాలోని ఓరెన్‌బర్గ్ ప్రాంతంలో మేక ఒంటి మీద పెరిగే మెత్తని నూగుతో అల్లే శాలువకూ ఇదే పరీక్ష. షెట్లాండ్‌కు సమీపంలోని ఫెయిర్ ఐల్ అనే చిన్న దీవి, ఒక్కొక్క వరుసలో రెండేసి రంగులు మాత్రమే వాడి బహువర్ణ శోభను సాధించే అల్లికకు తన పేరే ఇచ్చింది. ఐరిష్ నాటకకర్త సింజ్ 1904లో ప్రదర్శితమైన తన నాటకంలో ఒక హృదయవిదారకమైన ఘట్టాన్ని కల్పించాడు. సముద్రంలో మునిగిపోయిన యువకుని దుస్తులు దొరుకుతాయి. అవి ఎవరివో తెలియదు. మేజోడులోని కుట్లను లెక్కించిన సోదరి, తాను అల్లేటప్పుడు జారవిడిచిన నాలుగు కుట్లను గుర్తుపట్టి, పోయినవాడు తన అన్నే అని తెలుసుకొంటుంది. చేతిపనిలో దొర్లిన లోపం కూడా ఆ చేతికి సంతకమే.

ఈ విద్యకు పునాది రెండే రెండు కుట్లు. ఒకటి 'నిట్', రెండవది 'పర్ల్'. ముందుగా ఎడమచేతి సూది మీద కావలసినన్ని కుట్లను ఎక్కించుకోవాలి. ఆ తరువాత కుడిచేతి సూదిని మొదటి కుట్టులోనికి ముందు నుండి వెనుకకు దూర్చి, దారాన్ని సూది చుట్టూ త్రిప్పి, ఆ దారాన్ని కుట్టులో నుండి ముందుకు లాగి, పాత కుట్టును ఎడమ సూది మీద నుండి జారవిడిస్తే ఒక నిట్ పూర్తవుతుంది. దారాన్ని ముందువైపున ఉంచి, సూదిని వెనుక నుండి ముందుకు దూర్చి, ఇదే పనిని తలక్రిందులుగా చేస్తే అది పర్ల్. పరిశీలిస్తే ఈ రెండూ వేర్వేరు కుట్లు కావు. నిట్‌ను వెనుకవైపు నుండి చూస్తే పర్ల్, పర్ల్‌ను వెనుక నుండి చూస్తే నిట్. ఒకే నాణానికి బొమ్మా బొరుసూ వంటివి. ముందువైపున నిట్ ఆంగ్లాక్షరం 'వి' ఆకారంలోను, పర్ల్ అడ్డంగా ఉబికిన చిన్న గట్టులాగాను కనబడతాయి.

ఈ రెండింటి అమరికతోనే వేలాది నమూనాలు పుట్టాయి. అన్ని వరుసలూ నిట్ కుట్లతోనే అల్లితే గట్లు గట్లుగా, రెండువైపులా ఒకే రూపంతో, అంచులు ముడుచుకోని మందమైన బట్ట వస్తుంది. కొత్తగా నేర్చుకొనేవారికి ఇది తగినది. ఒక వరుస నిట్, మరుసటి వరుస పర్ల్ అల్లితే బజారులో దొరికే స్వెట్టరు వంటి నున్నని బట్ట వస్తుంది. అయితే దాని అంచులు చుట్టచుట్టుకొంటాయి. అది అల్లినవారి లోపం కాదు, ఆ అమరిక స్వభావం. ఒకే వరుసలో రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున అల్లుతూ పోతే నిలువు చారలు ఏర్పడి బట్ట రబ్బరులాగా సాగుతుంది. స్వెట్టరు నడుము, చేతి అంచులు, టోపీ అంచు ఈ పద్ధతిలో అల్లినవే. కుట్ల వరుసను మార్చి ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తే జడపాయల వంటి అల్లిక వస్తుంది. దారాన్ని సూది మీద ఊరకే ఒక చుట్టు వేస్తే అక్కడ చిన్న రంధ్రం ఏర్పడుతుంది. అటువంటి రంధ్రాలను లెక్క ప్రకారం అమర్చినప్పుడు లేసు పుడుతుంది.

అల్లికలో అన్నిటికంటె ముఖ్యమైనది, అందరూ అశ్రద్ధ చేసేది 'బిగి'. దారాన్ని ఒకరు బిగించి పట్టుకొంటారు, ఒకరు వదులుగా విడుస్తారు. ఒకే ఊలు, ఒకే సూదులు ఇచ్చినా ఇద్దరి బట్ట ఒకే కొలతకు రాదు. అందువల్ల అనుభవజ్ఞులు ముందుగా ఒక చిన్న చతురస్రాన్ని అల్లి, పది సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు పట్టాయో లెక్కిస్తారు. 20 కుట్లు పట్టితే, 50 సెంటీమీటర్ల వెడల్పుకు 100 కుట్లు ఎక్కించాలి. బిగి కొంచెం ఎక్కువై పది సెంటీమీటర్లలో 22 కుట్లు పట్టే చేయి అయితే, ఆ 100 కుట్లకు వచ్చే వెడల్పు 45 సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. స్వెట్టరు ముందు భాగం, వెనుక భాగం కలిసి దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు తగ్గిపోతాయి. అరగంట శ్రమకు వెనుదీసినవారు నెల రోజుల పనిని పోగొట్టుకొంటారు. అటువంటి సమయంలో దారాన్ని మరింత వదులుగా పట్టుకోవాలని ప్రయత్నించడం కన్న కొంచెం లావు సూదులను తీసుకోవడం మేలు. చేతి స్వభావం మారదు, సూదిని మార్చవచ్చు.

కుట్టు జారడం మరొక చిక్కు. సూది మీద నుండి తప్పిన కుట్టు క్రిందికి వరుస వరుసగా విడిపోతూ నిచ్చెన వంటి దారిని మిగులుస్తుంది. నేర్చుకొనేవారు అప్పుడు బెదరిపోతారు. బెదరవలసిన పని లేదు. కొన వంగిన క్రోషే సూదితో ఆ కుట్టును పట్టుకొని, నిచ్చెన మెట్ల వంటి దారాలను ఒక్కొక్కటిగా దానిలో నుండి లాగుతూ పైకి వస్తే బట్ట యథాస్థితికి చేరుకొంటుంది. తప్పు మరీ లోతున ఉంటే అక్కడి వరకు విప్పి మరల అల్లవచ్చు. కుండ పగిలితే అతకదు, బట్టను కత్తిరిస్తే కత్తిరించినట్లే. అల్లికలో మాత్రం విప్పిన దారం తిరిగి అదే పనికి వస్తుంది. పాత స్వెట్టరును విప్పి, దారాన్ని కడిగి, ముడతలు పోయేలా ఆరబెట్టి, పిల్లలకు కొత్త స్వెట్టరు అల్లడం ఉత్తరభారత గృహాలలో తరతరాల అలవాటు.

కొత్తవారు దేనితో ప్రారంభించాలి? నాలుగు మిల్లీమీటర్ల సూదులు, మధ్యస్థమైన లావు, లేత రంగు కలిగిన దారం ఎంచుకోవడం మంచిది. నల్లని దారంలో కుట్లు కంటికి ఆనవు. మన ప్రాంతపు ఎండలకు ఊలు కంటె నూలు అనుకూలం. అయితే నూలుకు సాగే గుణం తక్కువ, బరువు ఎక్కువ. నీటిని బాగా పీల్చుకొంటుంది కాబట్టి చేతిగుడ్డలకు, సంచులకు అది తగినది. 40 కుట్లు ఎక్కించి 80 వరుసలు నిట్ అల్లితే దాదాపు చతురస్రమైన చేతిగుడ్డ వస్తుంది. ఈ అమరికలో వరుసల సంఖ్య కుట్ల సంఖ్యకు రెట్టింపు ఉండాలన్న సూత్రం ఆ ఒక్క గుడ్డతోనే బోధపడుతుంది.

రెండవ ప్రయత్నంగా పసిబిడ్డ టోపీని చేపట్టవచ్చు. నెలలు నిండి పుట్టిన శిశువు తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. బట్ట సాగుతుంది కనుక 30 సెంటీమీటర్లకు అల్లితే సరిపోతుంది. అందుకు 60 కుట్లు. మొదటి మూడు సెంటీమీటర్లు రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున అల్లి, తరువాత ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్‌గా మొత్తం పన్నెండు సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు సాగాలి. ఆపై ఒక వరుసలో రెండేసి కుట్లను కలిపి అల్లితే 60 కుట్లు 30 అవుతాయి. నడుమ ఒక వరుస మామూలుగా అల్లి మరల అలాగే చేస్తే 15 మిగులుతాయి. ఆ 15 కుట్లలో నుండి దారాన్ని లాగి బిగించి, ప్రక్క అంచులను కలిపి కుట్టితే టోపీ సిద్ధం. గుండీలు, ఊడివచ్చే పువ్వులు పసిబిడ్డల వస్తువులకు పనికిరావు. నెలలు నిండక, తక్కువ బరువుతో పుట్టిన శిశువులను తల్లి రొమ్ముకు హత్తి వెచ్చగా ఉంచే 'కంగారూ' సంరక్షణలో శిశువు తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు తొడగాలని వైద్యులు చెబుతారు. ఆసుపత్రివారిని ముందుగా సంప్రదించి, వారికి ఏ దారం, ఏ కొలత కావాలో తెలుసుకొని అల్లి ఇచ్చిన టోపీ ఒక ప్రాణానికి వెచ్చదనమవుతుంది.

మూడవది మెడకు చుట్టుకొనే మఫ్లరు. ఆదిలాబాదులో, లంబసింగిలో, అరకులో శీతాకాలపు తెల్లవారుజామును ఎరిగినవారికి దాని విలువ చెప్పనక్కరలేదు. 20 సెంటీమీటర్ల వెడల్పుకు 40 కుట్లు. 150 సెంటీమీటర్ల పొడవుకు, అన్నీ నిట్ వరుసలే అయితే, 600 వరుసలు. మొత్తం 24,000 కుట్లు. నిమిషానికి ఇరవై కుట్లు అల్లగలిగిన చేతికి ఇది ఇరవై గంటల పని. ఈ లెక్కను ఒకసారి సొంత వ్రేళ్ళతో అనుభవించినవారు చేతిపని వస్తువును బజారులో చూసినప్పుడు బేరమాడే తీరు మారుతుంది. మారకపోతే ఆ విద్య వ్రేళ్ళకు వచ్చింది కాని, మనస్సుకు రాలేదన్నమాట.

ఈ లెక్క తెలుగునాట కేవలం ఊహ కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసర గ్రామాలలో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా లేసు అల్లిక ప్రవేశించింది. ఇది రెండు సూదుల అల్లిక కాదు, దాని సోదరి అయిన క్రోషే. ఇందులో కొన వంగిన ఒకే సూది ఉంటుంది. రెండు సూదుల అల్లికలో వరుసలోని కుట్లన్నీ సూది మీద ప్రాణంతో వేచి ఉంటే, క్రోషేలో సాధారణంగా ఒకే కుట్టు సూది మీద ఉంటుంది. అందువల్ల ఏ దిశకైనా మళ్ళి పువ్వులు, చక్రాలు, జాలీలు అల్లవచ్చు. మొదట పేద స్త్రీలకు జీవనోపాధిగా నేర్పిన ఈ పని, క్రమంగా గడప దాటి కూలికి పోవడం గౌరవం కాదని భావించిన కుటుంబాల స్త్రీలలోనూ వ్యాపించింది. వారి చేతుల మీదుగా తయారైన బల్లగుడ్డలు, దుప్పట్లు సముద్రాలు దాటాయి.

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1970వ దశకం చివర ఈ స్త్రీలను గూర్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథం ప్రచురించింది. ఆమె గమనించిన సత్యం చిన్నది, పదునైనది. ఇంటి చాకిరీకి తోడు రోజులో ఎన్నో గంటలు లేసు అల్లుతున్న ఈ స్త్రీలను ఎవరూ శ్రామికులుగా లెక్కించలేదు. వారు 'గృహిణులు', వారిది 'తీరికవేళ పని' అన్నారు. తీరికవేళ పని అనగానే కూలి తగ్గించడానికి కారణం దొరికింది. పువ్వులు అల్లేవారు ఒకరు, వాటిని కలిపి అతుకుపని చేసేవారు మరొకరు. పూర్తి అయిన వస్తువు ఎక్కడికి పోతుందో, ఎంతకు అమ్ముడవుతుందో అల్లినవారికి తెలియదు. లాభం వర్తకులది, కంటి మంట, నడుము నొప్పి అల్లినవారివి. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరును ఇతర ప్రాంతాలవారు వాడుకోకుండా అది రక్షణ ఇస్తుంది. పేరుకు దొరికిన ఆ రక్షణ కూలికి కూడా దొరికిన నాడు ఆ గుర్తింపు సార్థకమవుతుంది.

తీరిక అనే మాటకు రెండు ముఖాలున్నాయి. చదువు నుండి, ఉద్యోగం నుండి కొంత సేపు తప్పుకొని, తన ఇష్టం కొద్దీ ఒక టోపీని అల్లే వ్యక్తికి అల్లిక విశ్రాంతి. పొయ్యి మీద కూర ఉడుకుతుండగా, రేపటి బియ్యం కోసం సూదిని త్రిప్పే స్త్రీకి అదే అల్లిక శ్రమ. చేతి కదలిక ఒకటే, దారం ఒకటే, కుట్టు ఒకటే. తేడా అంతా అల్లేవారికి ఉన్న స్వేచ్ఛలో ఉంది. సరదాకు సూదులు పట్టినవారు ఆ రెండవ స్త్రీని మరువకుండా ఉండడం ఆ విద్యకు చెల్లించవలసిన గురుదక్షిణ.

అల్లిన బట్టలో ఏ కుట్టూ ఒంటరిగా నిలువదు. క్రింది కుట్టు తెగితే పైది జారుతుంది. ప్రక్క కుట్టు బిగిస్తే ఇది ముడుచుకొంటుంది. అల్లేవారు, అమ్మేవారు, కొనేవారు కలిసి ఒకే బట్ట అని గుర్తించినప్పుడు, ఎవరి బిగి ఎంత ఉండాలో లెక్క తేలుతుంది. బిగి సరిపడితే జిగి దానంతట అదే వస్తుంది.